అక్క లేని ఇల్లు, అట్టపెట్టెలు, టోర్టిల్లాలు

అక్క ఎయిర్‌పోర్టుకి బయల్దేరే ముందు ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించింది. పెద్దదాని స్కూల్ బస్సు టైము, చిన్నోడి డేకేర్ గేటు కోడ్, చెత్త బండి వచ్చే రోజు, వాడికి జ్వరం వస్తే ఏ మందు ఎంత వేయాలి... ఇలా పది లైన్లు. అన్నిటికంటే కింద ఇంకోటి: ‘ఫ్రిజ్‌లో టోర్టిల్లాలు రెండు ప్యాకెట్లు ఉన్నాయి. ఏమీ తోచకపోతే వాటితో ఏదో ఒకటి చేసి పెట్టు.’

ఐదు వారాల పాటు నన్ను కాపాడింది ఆ ఆఖరి లైనే.

సంగతేంటంటే, తెనాలిలో నాన్న బాత్రూంలో జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. గుంటూరు తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాలి. అక్కడ అమ్మ ఒక్కతే. కన్నబిడ్డలం ఇద్దరం ఇక్కడ టెక్సస్‌లో ఉన్నాం. డాలస్ పక్కన ఫ్రిస్కోలో అక్క, బావ, ఇద్దరు పిల్లలు. అరగంట డ్రైవ్ దూరంలో ఇర్వింగ్‌లో నేను.

నిజానికి వెళ్లాల్సింది నేనే. పెళ్లి కాలేదు, పిల్లల్లేరు, ల్యాప్‌టాప్ ఉంటే ఎక్కడ కూర్చున్నా పని అయిపోతుంది. కానీ నా పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇక్కడే ఉన్నంతకాలం ఉద్యోగానికి ఢోకా లేదు. దేశం దాటితే మాత్రం కాన్సులేట్‌లో కొత్త స్టాంపు పడేదాకా తిరిగి రాలేను. ఆ అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుందో దేవుడికే తెలియాలి. అక్కకి గ్రీన్ కార్డు ఉంది. అందుకని అక్క తెనాలి వెళ్లింది, నేను ఫ్రిస్కో వెళ్లాను. బావకి సరిగ్గా ఆ నెలలోనే పెద్ద రిలీజ్. పొద్దున ఏడింటికి వెళ్తే రాత్రి ఎనిమిది దాటాక గానీ ఇంటికి రారు.

‘మూడు వారాలేరా, ఇట్టే గడిచిపోతాయి’ అంది అక్క, కారు ఎక్కుతూ.

మొదటి రాత్రి అన్నం, పప్పు వండాను. ఏడేళ్ల పెద్దది ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, చాలా మర్యాదగా, ‘మామా, దిస్ ఈజ్ నాట్ అమ్మ పప్పు’ అంది. నాలుగేళ్ల చిన్నోడికి అంత మర్యాద లేదు. ఉమ్మేశాడు. రెండో రాత్రి చపాతీలు ఒత్తాను. ఏ దేశం మ్యాపుతోనూ పోల్చడానికి వీల్లేని ఆకారాలు వచ్చాయి. ఆరున్నరకి మొదలుపెడితే ఎనిమిదికి అయిదు చపాతీలు! అప్పటికి చిన్నోడు సోఫాలో నిద్రపోయాడు, ఏమీ తినకుండానే.

మూడో రోజు సాయంత్రం ఫ్రిజ్ మీది కాగితం మళ్లీ చదివాను.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి టోర్టిల్లా కొత్తేం కాదు. చాలా ఇళ్లలో అది చపాతీకి మారుపేరు. కాస్ట్‌కోలో పచ్చివి దొరుకుతాయి. పెనం మీద రెండు వైపులా కాలిస్తే పుల్కాలా పొంగుతాయి కూడా. కూరతో పెడితే వచ్చిన అతిథి కనిపెట్టలేడు. నేనూ బ్యాచిలర్ గదిలో అలా ఎన్నిసార్లు తిన్నానో! కానీ దానికంటూ ఒక ఊరు, పేరు ఉన్నాయని ఎప్పుడూ అనుకోలేదు.

నా కళ్లు తెరిపించింది మా టీమ్‌లో ఉన్న ఒకాయన. మెక్సికోలోని మోంటెరే నుంచి వచ్చాడు. పొద్దున కాల్‌లో నా మొహం చూసి ఏమైందని అడిగాడు. పిల్లలు తినట్లేదని చెప్పా. ‘నువ్వు దాన్ని చపాతీ చేద్దామని చూస్తున్నావు. దాన్ని దాని పని చేయనివ్వు’ అన్నాడు. ఆ తర్వాత పావుగంట మీటింగ్ అజెండా పక్కనపెట్టి క్లాసు పీకాడు.

ఆయన చెప్పిందాంట్లో నాకు బాగా ఎక్కింది మొక్కజొన్న సంగతి. అసలు పాత టోర్టిల్లా మొక్కజొన్నదే. గోధుమలు స్పెయిన్ వాళ్లతో తర్వాత వచ్చాయి. ఉత్తర మెక్సికోలో గోధుమ బాగా పండింది కాబట్టి అక్కడ గోధుమ టోర్టిల్లా స్థిరపడింది. అదే సరిహద్దు దాటి టెక్సస్‌కీ వచ్చింది. మొక్కజొన్నని మాత్రం ఊరికే పిండి పట్టించరు. సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, పొట్టు కడిగేసి అప్పుడు రుబ్బుతారు. మనం తాంబూలంలో రాసుకునే సున్నమే. దానివల్ల గింజలో చిక్కుకుపోయిన నియాసిన్ అనే విటమిన్ ఒంటికి అందుతుంది. యూరప్ వాళ్లు మొక్కజొన్నని పట్టుకెళ్లారు గానీ ఈ సున్నం కిటుకు పట్టుకెళ్లలేదు. దాంతో మొక్కజొన్న మీదే బతికిన పేదవాళ్లకి పెల్లాగ్రా జబ్బు పట్టుకుంది. ఇంకో తమాషా ఏంటంటే, స్పెయిన్ వెళ్లి టోర్టిల్లా అడిగితే బంగాళాదుంపలు వేసిన మందపాటి ఆమ్లెట్ తెచ్చి పెడతారట.

సరే, పిల్లల దగ్గరికి వద్దాం. ఆ రాత్రి చేసింది క్వెసడియా. స్పానిష్‌లో కేసో అంటే చీజ్, పేరు అక్కడి నుంచే వచ్చింది. పెనం మీద గోధుమ టోర్టిల్లా వేసి, సగం మీద తురిమిన చీజ్, దాని మీద మధ్యాహ్నం మిగిలిన బంగాళాదుంప వేపుడు, మళ్లీ కొంచెం చీజ్. రెండో సగం మడిచి, మంట మీడియంలో పెట్టి, గరిటెతో అదిమి, రెండు వైపులా రెండేసి నిమిషాలు. చీజ్ రెండుసార్లు ఎందుకంటే అదే జిగురు. పైనా కిందా అతుక్కుని లోపలి కూర జారిపోదు. మంట పెద్దదైతే పైన మాడుతుంది, లోపల చీజ్ కరగదు. నూనె అక్కర్లేదు.

మూడు ముక్కలు కోసి పెట్టాను. చిన్నోడు ఒకటి తీసుకుని లాగాడు. చీజ్ తీగలా సాగింది. వాడికి తిండి కంటే ఆ తీగ నచ్చింది. తీగ కోసం మూడు ముక్కలూ తినేశాడు. అందులో బంగాళాదుంప ఉందన్న విషయం వాడికి ఇప్పటికీ తెలియదు.

అక్కడి నుంచి మాకు రోజుకో వేషం. కొన్నేళ్ల క్రితం ఇంటర్నెట్ మొత్తం తిరిగిన ఒక మడత మీకు గుర్తుందా? టోర్టిల్లాకి మధ్య నుంచి అంచు దాకా ఒకే ఒక్క గాటు పెట్టి, నాలుగు పావుల్లో నాలుగు రకాలు వేసి, ఒకదాని మీద ఒకటి మడుచుకుంటూ పోవడం. అది పెద్దదాని పని. ఒక పావులో ఉడికించిన నల్ల బీన్స్, ఒకదాంట్లో చీజ్, ఒకదాంట్లో టమాటా ఉల్లిపాయ, ఒకదాంట్లో అవకాడో. స్కూల్లో ఫ్రాక్షన్స్ మొదలయ్యాయిట, ‘ఇది వన్ ఫోర్త్, ఇది టూ ఫోర్త్స్’ అని లెక్క చెప్తూ మడిచేది. ఇంకో రోజు గుడ్డు. పెనం మీద గిలకొట్టిన గుడ్డు పోసి, పచ్చిగా ఉండగానే మీద టోర్టిల్లా పరిచి తిరగేస్తే గుడ్డు దానికే అంటుకుపోతుంది. చుట్టి చేతికిస్తే చాలు. ఆదివారం పిజ్జా. ముందు ఓవెన్‌లో ఉత్త టోర్టిల్లాని రెండు మూడు నిమిషాలు కరకరలాడేలా చేసి, తర్వాత సాస్, చీజ్ వేసి మళ్లీ పెట్టాలి. ఈ ముందు పని మానేస్తే మధ్యలో తడిసి ముద్దవుతుంది. మేం ఒకసారి మానేశాం, తెలిసింది.

ఒక హెచ్చరిక. శాకాహారులు ప్యాకెట్ వెనక తప్పకుండా చదవండి. కొన్ని టోర్టిల్లాల్లో, డబ్బాల్లో వచ్చే కొన్ని రీఫ్రైడ్ బీన్స్‌లో లార్డ్ ఉంటుంది, అంటే పంది కొవ్వు. బావ ఆ లేబుళ్లు చదివే పద్ధతి చూస్తే లాయరు అవ్వాల్సిన మనిషి అనిపిస్తుంది. అలాంటాయన రాత్రి తొమ్మిదింటికి వచ్చి, నేను దాచిన ముక్కల మీద గోంగూర పచ్చడి పూసుకుని నిలబడే తినేవారు. మీరూ ప్రయత్నించండి. చీజ్, గోంగూర కలిస్తే ఎలా ఉంటుందో నేను చెప్పను.

తిండి సంగతి అలా గట్టెక్కింది. అసలు కష్టం దానికి ముందు గంటన్నర.

సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు దాకా. చీకటి పడేది. ఫిబ్రవరి చలి, బయటికి పంపలేం. అమ్మ ఆఫీసు నుంచి వచ్చే టైము అది. చిన్నోడు గరాజ్ తలుపు చప్పుడు కోసం చూసేవాడు. రాదని తెలిశాక ఏడుపు. ఐప్యాడ్ ఇస్తే ఆగేది, తీసుకుంటే డబుల్ అయ్యేది. నాలుగేళ్లు బీటెక్ చదివి, పెద్ద పెద్ద సర్వర్లు పడిపోతే లేపే నేను ఒక నాలుగేళ్ల పిల్లాడిని లేపలేకపోయాను.

ఒకరోజు చెత్త బండి వచ్చే ముందు రాత్రి, రీసైక్లింగ్ డబ్బాలో వేయడానికి అట్టపెట్టెలు తొక్కి చదును చేస్తున్నా. ఇక్కడ ఒక్క వారంలో ఒక ఇంట్లో ఎంత అట్ట పోగవుతుందో చూస్తే గుండె ఆగిపోతుంది. అమెజాన్ పెట్టెలు, సీరియల్ డబ్బాలు, పేపర్ టవల్ చుట్టలు, గ్యాలన్ పాల క్యాన్లు. చిన్నోడు ఏడుస్తూనే వచ్చి నాతోపాటు ఒక పెట్టె తొక్కాడు. టప్‌మని చప్పుడు. ఏడుపు ఆపి ఇంకోటి తొక్కాడు.

నాకు అప్పుడు నాన్న కొట్టు గుర్తొచ్చింది.

నాన్నది తెనాలిలో సైకిల్ రిపేరు కొట్టు. పంక్చర్లు వేయడానికి పనికిరాని ట్యూబులని కత్తెరతో సన్నగా రింగులు కోసేవాడు. అవే మాకు రబ్బరు బ్యాండ్లు. ఒక కాగితపు ఉండ మీద ఆ రింగులు అడ్డంగా, నిలువుగా ఎక్కించుకుంటూ పోతే బంతి. గోడకి కొడితే ఓనమాలు దిద్దే వయసులో నా ముక్కు పగిలింది, అంత గట్టి బంతి. అగ్గిపెట్టెల ఫోను, తాటికాయల బండి, కొబ్బరాకు బూర మీ అందరికీ తెలిసినవే. మా ఇంట్లో ఎక్కువగా ఉన్నది వాల్వు ట్యూబు ముక్కలు, సైకిల్ గాలి పట్టే దగ్గర ఉండే ఆ సన్న రబ్బరు గొట్టం. దాన్ని చిన్న ముక్కలు కోసి రెండు వైపులా అగ్గిపుల్లలు గుచ్చితే కదిలే కీలు అవుతుంది. మూడు కలిపితే త్రిభుజం, ఇంకా కలిపితే ఇల్లు. ఇంజనీరింగ్‌లో చేరాక తెలిసింది, ఇదే పద్ధతి మీద అరవింద్ గుప్తా ఒక పుస్తకమే రాశాడని. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, టెల్కోలో ట్రక్కుల పని వదిలి, పిల్లలకి పనికిరాని వస్తువులతో సైన్సు బొమ్మలు చేయడం నేర్పుతూ జీవితం గడిపిన మనిషి. 2018లో పద్మశ్రీ వచ్చింది. నాన్నకి చెప్తే, ‘అయితే ఆయనకి సైకిల్ షాపు తెలుసన్నమాట’ అన్నాడు, అంతే.

ఆ రాత్రి ఏదీ రీసైక్లింగ్‌లో వేయలేదు. అన్నీ గరాజ్‌లో ఓ మూల పెట్టాం. ‘నాన్న కొట్టు’ అని నేను అంటే, పిల్లలు ‘తాతయ్య షాప్’ అన్నారు.

అన్నీ సక్సెస్ కాలేదు. సీరియల్ డబ్బాతో చేసిన గిటార్‌కి రబ్బరు బ్యాండ్లు బిగించగానే మధ్యకి కూలిపోయింది. కోడిగుడ్ల అట్టలని పక్కన పెట్టేశాను, పచ్చిగుడ్డు కారి ఉంటే అట్టని కడగలేం. పాల క్యాన్ మాత్రం హిట్. అడుగు కోసేసి, అంచుకి టేపు చుట్టి, పిడి పట్టుకుంటే బంతి పట్టే గరిటె. సాక్సు ఉండ చుట్టి విసురుకోవడం. ఇంట్లో ఏదీ పగల్లేదు.

పెద్ద ప్రాజెక్టు గోళీల దారి. టిష్యూ చుట్టలని సగానికి నిలువుగా కోసి, హాల్లో గోడకి పెయింటర్స్ టేపుతో వాలుగా అంటించడం. పైన గోళీ వదిలితే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పడుతూ కింద డబ్బాలోకి రావాలి. చిన్నోడు ఇంకా అప్పుడప్పుడూ నోట్లో పెట్టుకుంటాడు కాబట్టి గోళీలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకునేవాణ్ని. మొదటి రోజు గోళీ మూడో చుట్ట దాటలేదు. రెండో రోజూ అంతే. వాళ్లు ఏడవలేదు. టేపు పీకి మళ్లీ అంటించారు. ఏడు దాటింది, ఎనిమిదైంది, టోర్టిల్లా చల్లారిపోయింది. ఎవరికీ పట్టలేదు.

ఇక అసలు విషయం. గొలుసు.

అక్క వెళ్లిన మర్నాడే పెద్దది ‘అమ్మ ఎప్పుడొస్తుంది?’ అని అడిగింది. ఇరవై ఒక్క రోజులంటే దానికి తెలుసు గానీ, చిన్నోడికి తెలియదు. వాడికి నిన్న, మొన్న, పోయినేడు అన్నీ ‘ఎస్టర్డే’నే. స్కూల్లో వాళ్లు చేసిన కాగితపు గొలుసు గుర్తుచేసింది పెద్దది. సీరియల్ డబ్బాని పట్టీలుగా కోసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి స్టేపుల్ చేశాం. ఇరవై ఒక్క రింగులు. వంటింటి కిటికీ నుంచి ఫ్రిజ్ దాకా వేలాడదీశాం. రోజూ భోజనం అయ్యాక ఒకటి తెంపడం, చిన్నోడి వంతు. అన్నీ అయిపోతే అమ్మ వస్తుంది. వాడు అన్నం తినడానికి ఒప్పుకున్నది ఆ రింగు కోసమే అంటే నమ్మండి.

పన్నెండు తెంపాం. తొమ్మిది ఉన్నాయి.

ఆ మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి ఫోను. అక్కడ సాయంత్రం నాలుగున్నర. అక్క గొంతు వినగానే అర్థమైంది. ఆపరేషన్ చేసిన చోట ఇన్ఫెక్షన్ వచ్చింది. మళ్లీ థియేటర్‌లోకి తీసుకెళ్లి శుభ్రం చేశారు. యాంటీబయాటిక్స్ సెలైన్‌లో ఎక్కిస్తున్నారు, ఇంకో రెండు వారాలైనా హాస్పిటల్లోనే.

‘ఎప్పుడు తెలిసింది?’ అన్నాను.

అక్క కాసేపు మాట్లాడలేదు. ‘నాలుగు రోజులైందిరా. అమ్మ వద్దంది. అక్కడ పిల్లలతో వాడొక్కడే ఉన్నాడు, ఊరికే కంగారు పడతాడని.’

ఆ నాలుగు రోజులూ నేను రోజూ ఫోన్ చేశాను. రోజూ ‘బానే ఉన్నాడు, నిద్రపోతున్నాడు’ అన్నారు. నిద్రపోతున్నాడని నేను నమ్మాను. మా నాన్న రెండోసారి థియేటర్‌లోకి వెళ్తున్నప్పుడు నేను ఇక్కడ గోడకి గోళీల దారి కడుతున్నాను. అరిచేశాను అక్క మీద. ‘నేనేం చిన్నపిల్లాడినా? నాకు చెప్పకుండా ఎలా దాస్తారు?’ అని. పిల్లలు లేస్తారని గరాజ్‌లోకి వెళ్లి మరీ అరిచాను. అక్క ఏమీ అనలేదు. టికెట్ పద్నాలుగు రోజులు వెనక్కి మార్చుకున్నానని మాత్రం చెప్పింది. ‘పిల్లలకి నువ్వే ఎలాగోలా చెప్పరా’ అంది.

ఆ రోజంతా చెప్పలేకపోయాను. సాయంత్రం గుడ్డు టోర్టిల్లా చేశాను. గొలుసు పని రేపు చేద్దామని చిన్నోడిని ఏమార్చి పడుకోబెట్టాను. పెద్దది నా వైపు ఒక చూపు చూసింది గానీ అడగలేదు. రాత్రి పదకొండింటికి, బావ కూడా పడుకున్నాక, గరాజ్‌లోంచి ఒక కొత్త డబ్బా తెచ్చి, పట్టీలు కోసి, ఆ గొలుసు చివర రింగులు కలిపాను. పద్నాలుగు. స్టేప్లర్ చప్పుడు వినపడకుండా తువ్వాలు కప్పి.

ఎవరూ గమనించరనుకున్నా. ఎందుకనుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు. పైన ఎవరు అరిచారో, కింద ఎవరు స్టేపుల్ చేశారో మీరే చూస్తున్నారు కదా.

పొద్దున సీరియల్ తింటూ పెద్దది తలెత్తింది. స్పూను ఆగింది. వేలు గాల్లో కదుపుతూ లెక్కపెట్టింది.

‘మామా, నైన్ ఉండాలి. ఇవి ట్వెంటీ త్రీ.’

నేను ఏదో అనబోయాను.

‘ఇవి లోపల బ్రౌన్. మనం చేసినవి లోపల గ్రే’ అంది. అరిచి చెప్పలేదు. స్పూను గిన్నెలో పెట్టేసి, బ్యాగు తీసుకుని, బస్సుకి ఇంకా పది నిమిషాలుండగానే బయటికి వెళ్లి నిలబడింది. ఆ చలిలో పక్కనే నేనూ నిలబడ్డాను. నాతో మాట్లాడలేదు.

సాయంత్రం క్వెసడియా ముట్టుకోలేదు. చీజ్ గడ్డకట్టింది. చిన్నోడు అక్కని చూసి వాడూ పక్కకి తోసేశాడు. అప్పుడు స్టవ్ ఆపేసి కింద నేల మీద కూర్చున్నా, వాళ్ల కుర్చీల పక్కన.

‘తాతయ్యకి కుట్లు వేసిన చోట క్రిములు చేరాయి. మందులు ఎక్కిస్తున్నారు. అమ్మ ఇంకో పద్నాలుగు రోజులు ఉండాలి. నీకు చెప్పాలంటే భయమేసింది. అందుకే రాత్రి నేనే కలిపాను.’

‘తాతయ్య చచ్చిపోతాడా?’

దానికి తెలుగులో ఈ మాటలు ఇంత సూటిగా వస్తాయని నాకు తెలియదు. ‘డాక్టర్లు తగ్గుతుందంటున్నారు. నాకు తెలిసింది అంతే’ అన్నాను. నిజంగానే అంతవరకే తెలుసు.

‘అమ్మ నాకు ఎందుకు చెప్పలేదు?’

నిన్న గరాజ్‌లో నేను అరిచిన మాటే అది. ఒక్క అక్షరం మారలేదు. దానికి నా దగ్గర జవాబు లేదు. ‘నాకూ చెప్పలేదు’ అన్నాను. ‘నాకూ కోపం వచ్చింది.’

చాలాసేపు గొలుసు వైపు చూసింది. తర్వాత కుర్చీ లాక్కుని ఎక్కి, గొలుసు దించి, ఎర్ర స్కెచ్ పెన్ను తెచ్చి, నేను కలిపిన పద్నాలుగు రింగుల మీదా ఒక్కోదాని మీద ‘మామ’ అని రాసింది. తెలుగులో. అక్షరాలు వంకరగా ఉన్నాయి. తెలుగు క్లాసులో రెండక్షరాల మాటలే అయ్యాయిట అప్పటికి. చిన్నోడికి నిన్నటిది, ఇవాళ్టిది కలిపి రెండు తెంపే ఛాన్సు వచ్చింది, వాడికి అదే పండగ. తర్వాత చల్లారిన క్వెసడియాని మళ్లీ పెనం మీద పెట్టాం. రెండోసారి వేడిచేస్తే అంచులు బాగా కరకరలాడతాయని అప్పుడే కనిపెట్టాం.

ఆ రాత్రి ఏడున్నరకి, తెనాలిలో పొద్దున ఏడింటికి, అమ్మకి వీడియో కాల్ చేశాను. గొడవ పడలేదు. ‘అమ్మా, రిపోర్టులన్నీ ఫోటో తీసి పంపు. ప్రతిరోజూ. బాగున్నా, బాగలేకపోయినా’ అన్నాను. అమ్మ ‘సరే నాన్నా’ అంది గానీ, నమ్మకం కుదరక అక్కకి కూడా అదే చెప్పాను. పెద్దది పక్కనుంచి తల దూర్చి, ‘అమ్మా, టెల్ మీ ద రియల్ నంబర్’ అంది. అక్క కళ్లు తుడుచుకుంటూ పదమూడు అంది. ఇది గొలుసు వైపు తిరిగి, చిన్నోడు తెంపినవి పోను లెక్క చూసింది. ఇరవై ఒకటి. ‘నో’ అంది. ఇద్దరూ క్యాలెండర్ తీసి కూర్చున్నారు. అక్క కొత్త తేదీ నుంచి ఎనిమిది రోజులు మర్చిపోయింది. హాస్పిటల్లో కూర్చుంటే ఏ రోజు ఏదో తెలియట్లేదురా అంది నాతో. నాకు ఆ ఒక్క మాటతో అక్క మీద కోపం పోయింది.

మూడు నాలుగు రోజులకి జ్వరం తగ్గింది. నాన్న మంచం మీద కొంచెం లేచి కూర్చున్నాడు. కాల్‌లో మాట్లాడే ఓపిక లేదు, ఊరికే చూస్తాడు, అంతే. ఒకరోజు చిన్నోడు ఫోను లాక్కుని పరిగెత్తి గోడ మీది గోళీల దారి చూపించాడు. గోళీ వదిలాడు. ఎప్పట్లాగే నాలుగో చుట్ట దగ్గర ఎగిరి బయట పడింది.

‘వాలు ఎక్కువైంది’ అన్నాడు నాన్న.

గది మొత్తం నిశ్శబ్దం. వారం రోజులుగా ‘ఊఁ’ తప్ప ఏమీ అనని మనిషి.

‘ఒరేయ్, కెమెరా దగ్గరికి పట్టు. ఆ మూడోది చూడు. అంత నిటారుగా పెడితే స్పీడు రాదా? కొంచెం పడుకోబెట్టు. ఇంకా. ఇంకా. ఆఁ. నాలుగోదానికి చివర ఒక అడ్డు పెట్టు, అట్ట ముక్క.’ మధ్యలో ఆయాసపడ్డాడు. అమ్మ చాల్లెండి అంది. ‘ఆగవే’ అన్నాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఏడు చుట్టలు దాటి గోళీ కింద డబ్బాలో టంగుమని పడింది. చిన్నోడు గంతులేశాడు. నాన్న ‘నట్టు బిగించినట్టు బిగించండి టేపు’ అని చెప్పి కళ్లు మూసుకున్నాడు. ఈసారి నిజంగానే నిద్రపోయాడు, నేను చూశాను.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే తెనాలి టైముకి ‘తాతయ్య షాప్’ తెరిచేవాళ్లం.

అక్క వచ్చే రోజుకి గొలుసు ఖాళీ. కానీ దోహాలో కనెక్షన్ ఫ్లైట్ తప్పిపోయింది, రాక ఒక రోజు ఆలస్యం. నాకు మెసేజ్ రాగానే ఈసారి నేరుగా పెద్దదానికి చెప్పేశాను. మొహం ముడుచుకుంది. ఏమీ అనకుండా గరాజ్‌లోకి వెళ్లి, ఒక పట్టీ కోసుకొచ్చి, తనే స్టేపుల్ చేసి, దాని మీద ‘దోహా’ అని రాసి కిటికీకి తగిలించింది.

మర్నాడు రాత్రి అక్క ఇంట్లోకి అడుగుపెట్టగానే చిన్నోడు ఆ రింగు తెంపి అక్క చేతిలో పెట్టాడు. అక్క వాడిని ఎత్తుకునే ఫ్రిజ్ తెరిచింది. నాలుగు ప్యాకెట్ల టోర్టిల్లాలు.

‘ఐదు వారాలూ ఇవేనారా పెట్టావ్?’

‘నువ్వే రాశావుగా’ అన్నాను, కాగితం చూపిస్తూ.

ముప్పై గంటల ప్రయాణం చేసొచ్చిన మనిషికి క్వెసడియా చేసిచ్చింది పెద్దది, నేను పక్కన నిలబడి మంట చూస్తుంటే. చీజ్ రెండుసార్లు వేసింది. అక్క దాన్ని గోంగూరతో తింది.

నాన్న ఇప్పుడు వాకర్ పట్టుకుని వరండా దాకా నడుస్తున్నాడు. రిపోర్టులు రోజూ వస్తున్నాయి, కొన్ని తలకిందులుగా. గోళీల దారి ఇంకా గోడ మీదే ఉంది. రెండు చోట్ల టేపుతోపాటు గోడ రంగు కూడా ఊడి వచ్చింది. దాని మీద సీరియల్ డబ్బా అట్ట అంటించాం. బావ ఇంకా చూడలేదు.